వాడకుండానే అరిగిన బ్రేకులు

ఆ రోజుల్లో నాకు తిన్నది అరిగేది కాదు. మా కారుకు మాత్రం బ్రేకు డిస్కులు శుభ్రంగా అరిగిపోయాయి. సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు వరదలా వచ్చిపడుతున్న కాలం అది. ఆ వరదలో కొట్టుకుపోతున్నవాళ్ళలో నేనొకణ్ణి. మధ్యాహ్న భోజనం సాయంత్రం తిని, సాయంత్రం ఏం తినాలో గుర్తులేక ఇంటికొచ్చేవాణ్ణి.

మాది ఎర్ర నంబరు పలక కారు. అంటే మామూలు రోజుల్లో రాత్రి ఏడు దాటాకే రోడ్డెక్కాలి. శనివారం మధ్యాహ్నం మూడు నుంచి, ఆదివారం రోజంతా దాని ఇష్టం. పన్ను కలిసొస్తుందని కొన్నాను. తీరా చూస్తే ఏడింటికి కారుకు విడుదల దొరికేది గానీ నాకు దొరికేది కాదు. అందుకని అది వారమంతా బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకు పక్కనున్న పార్కింగ్‌లో, చెమ్మగాలి పీలుస్తూ నిలబడి ఉండేది. పాపం, అదీ ఊరికే ఉండలేదు. తుప్పు పట్టింది.

మా ఆవిడ అప్పుడే డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుంది. సెరంగూన్‌లో సాయంత్రం ఏడున్నరకు మొదలయ్యే అకౌంటింగ్ కోర్సులో చేరాలని ఆమె కోరిక. బస్సూ రైలూ మారి తిరిగొచ్చేసరికి పాప నిద్రపోతుంది. కారైతే పాప మెలకువగా ఉండగానే వచ్చేయవచ్చు. అంతా కుదిరిందనుకున్నాక, ఒక ఆదివారం ఎక్స్‌ప్రెస్‌వే మీద ముందు కారు నెమ్మదిస్తే ఆమె బ్రేకు తొక్కింది. స్టీరింగ్ గడగడ వణికింది.

"అమ్మా, కార్ ఈజ్ షివరింగ్ లా!" అంది వెనక సీట్లోంచి పాప. అక్కడి ఇంగ్లీషుకు చివర 'లా' అని ఓ తోక ఉంటుంది.

ఎక్స్‌ప్రెస్‌వే దిగగానే ఆవిడ కారు ఒక పక్కకు ఆపేసింది. "నా వల్ల కాదండీ. బండి వణుకుతోందో నేను వణుకుతున్నానో తెలీట్లా. కోర్సూ వద్దు, ఏమీ వద్దు."

తర్వాతి శనివారం పాపను పక్కింటి ఆంటీ దగ్గర వదిలి, మూడు దాటాక ఇద్దరం టోవా పాయోలో ఉన్న వర్క్‌షాపుకు వెళ్ళాం. అక్కడి మెకానిక్ చైనా అంకుల్, కారు ముందు చక్రాలు విప్పి డిస్కులు చూపించాడు. పళ్ళెంలా నున్నగా ఉండాల్సిన ఇనుము మీద చాళ్ళు, డిస్కును నొక్కే ప్యాడు అతుక్కుని ఉండిపోయిన చోట తుప్పు మచ్చ. మందం కొలిచి, "స్టిల్ గాట్ మీట్" అన్నాడు. కండ ఇంకా మిగిలే ఉందట. పైపొర చెక్కి నున్నగా చేయొచ్చు. దాన్నే అక్కడ స్కిమ్ అంటారు. అయితే అది ఈ ఒక్కసారికే. మళ్ళీ చెక్కేంత మందం మిగలదు. లేదంటే కొత్తవి వేసుకోవాలి.

"ఏది మంచిది అంకుల్?" అన్నాను.

"స్కిమ్ కెన్. ఛేంజ్ ఆల్సో కెన్. అప్ టు యూ లా."

ఇదీ చేయవచ్చు, అదీ చేయవచ్చు, తమ చిత్తం అని వారమంతా క్లయింట్లకు రాసి పంపేది నేనే. అది అందుకున్నవాళ్ళకు ఎంత నీరసం వస్తుందో నాకప్పుడు తెలిసొచ్చింది. అక్కడ పేర్చి ఉన్న పాత టైర్ల మీద కూలబడ్డాను.

ఆ కారుకు రోడ్డు మీద తిరిగే అనుమతి ఇంకో రెండేళ్ళే. ఆ తర్వాత తుక్కుకే. దానికి కొత్త డిస్కులెందుకు? కానీ చెక్కించాక మళ్ళీ వణికితే ఈవిడ ఇక స్టీరింగ్ ముట్టదు. లేచి, "కొత్తవే వేయించేద్దాం" అన్నాను.

"ఎందుకటా?"

"నీ భయం పోతుందని."

"నా భయం డిస్కులో ఉందా ఏంటి? మీకు ఆలోచించే ఓపిక లేక అంటున్నారు గానీ."

కాదనే ఓపిక కూడా లేదు. ఆమె అంకుల్ వైపు తిరిగింది. "అంకుల్, న్యూ డిస్క్, బట్ నోబడీ డ్రైవింగ్. దెన్?"

"సేమ్ లా. రస్ట్ అగైన్."

"స్కిమ్ చేసి, ఐ డ్రైవ్ ఎవ్రీ ఈవినింగ్?"

"దెన్ వై ఛేంజ్? టూ ఇయర్స్ కెన్." రెండేళ్ళూ లాగేస్తాయట.

ఆమె ఆ తుప్పు మచ్చను గోటితో గీకింది. "చెక్కించండి" అంది.

"మళ్ళీ వణికితే?"

"తుప్పు పట్టనిస్తే కదా! సోమవారం నుంచి ఏడు కొట్టగానే నేను రోడ్డు మీద ఉంటా. క్లాసు లేని రోజు మీ ఆఫీసు కాడికొస్తా. మీకూ తుప్పు పడుతోంది, చూసుకున్నారో లేదో."

అంకుల్ డిస్కులు మిషనుకెక్కించాడు. సన్నటి ఇనుప చుట్టలు రాలుతూ ఉంటే అద్దంలాంటి ఇనుము బయటపడింది. ప్యాడ్లు కొత్తవి వేసి చక్రాలు బిగించేసరికి సాయంత్రమైంది. ఆవిడ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. బ్రేకు తొక్కినప్పుడల్లా చెవి ఒగ్గి వినాలనీ, సలహాలు చెప్పాలనీ గట్టిగానే అనుకున్నాను. మొదటి సిగ్నలు దగ్గర ఆగడం గుర్తుంది.

ఎవరో భుజం కుదిపారు. చూస్తే మా బ్లాకు పార్కింగ్.

"దారిలో వణికిందా?" అన్నాను కళ్ళు నులుముకుంటూ.

"అన్ని సిగ్నళ్ళ దగ్గర ఆపాను. మీరు ఒక్కసారన్నా లేచారా?"

లేవలేదు. పాపను తీసుకురావడానికి ఆమె పైకి వెళ్ళింది. నేను మరి కాసేపు ఆ సీట్లోనే ఉండిపోయాను.