గేటు అవతలి గులాబి

తెలంగాణ వచ్చిన మూడో ఏడు. షాద్‌నగర్‌లో ఒక రిటైరైన బడిపంతులు ఇంటి పెరట్లో పూలచెట్లు చూసే పని నాది. అప్పటికే ముప్పై ఏళ్లుగా పూల పనిలో ఉన్నాను. మొదట నర్సరీలో కూలికి, తర్వాత ఇళ్ల వెంట. అక్షరాలు మాత్రం యాభై దాటాక వయోజన బడిలో నేర్చుకున్నాను. నా రాత వంకరగా ఉంటే ఉండనీయండి, చెట్టు సంగతి సూటిగానే చెబుతాను.

ఆ పెరట్లో నందివర్ధనం, మందారం, కనకాంబరం ఉండేవి. అన్నిటికన్నా ముఖ్యం, రోడ్డు వైపు గేటు పక్కనే ఉన్న ఒక నాటు గులాబి. సారు భార్య సుశీలమ్మకు అది కన్నతల్లి గుర్తు. ఆ తల్లి చనిపోయే ముందు ఏడాది తన చేత్తో నాటి పోయింది. నేను పనిలో చేరిన రోజే సుశీలమ్మ చెప్పింది: "ఎల్లమ్మా, కడమ చెట్లు పోయినా నాకు ఫికర్ లేదు. గిదొక్కటి పోనియ్యకు."

పోనివ్వనని మాటిచ్చాను.

గులాబిని ఏటా వానలు వెనకపట్టాక, దసరా దాటి కత్తిరిస్తాం. ప్రూనింగ్ అంటారు. కోసిన చోటల్లా మందు పూస్తే నెలన్నరకు విరగబూస్తుంది. పూవు కోయడం కూడా ఒక పనే. కాడ మీద ఐదాకుల రెమ్మ ఎక్కడుందో చూసి, దానికి కాస్త పైన ఏటవాలుగా కత్తెర పెట్టాలి. చేత్తో గుంజితే బెరడు చీలి, ఆ చీలికలో తెగులు చేరుతుంది. దాన్ని డైబ్యాక్ అంటారు. కొమ్మ కొనకాడ నల్లబడి, ఆ నలుపు రోజురోజుకూ కిందికి దిగుతుంది. పచ్చి కట్టె కనిపించే దాకా కోసేస్తే చెట్టు బతుకుతుంది. నలుపు మొదలుకు దిగిందంటే ఇక చేసేదేమీ లేదు. కత్తిరించిన కట్టెల్ని నేను పారేయను. మోపు కట్టి ఇంటికి తెచ్చి మా గోడ వెంట గుచ్చుతాను.

ఏడేళ్లు ఆ చెట్టు నా మాట విన్నది. ఎనిమిదో ఏడు, సరిగ్గా మొగ్గ తొడిగిన వారంలో, సారు దీక్ష పట్టాడు. నలభై ఒక్క రోజులు. మరునాడు నేను పోయేసరికి గేటుకు లోపల గొళ్లెం పెట్టి ఉంది. సుశీలమ్మ వచ్చి గేటు అవతలే నిలబడింది.

"ఎల్లమ్మా, ఏమనుకోకు. సారు దీక్షల ఉన్నరు. పూలు పూజకు పోతయి. జర గీ నలభై రోజులు చెట్లు ముట్టకు."

"ఏడేండ్ల సంది ముడుతున్న గదమ్మా! పెంట వేసిన చెయ్యి గిదే, కొమ్మ కోసిన చెయ్యి గిదే. పువ్వు కాడికొచ్చేసరికే మైల వట్టిందా?"

"నాకేం లేదే. సారు ఒప్పుకోడు."

మాది ఊరి చివరి వాడ. ఏ కులమో వేరే చెప్పక్కర్లేదు. ఏడేళ్లు నా చాయ్ గ్లాసు వాళ్ల గోడ మీద విడిగా బోర్లించి ఉండేది. నేనేమీ అనలేదు. దేవుడి పూల దాకా వచ్చేసరికి ఆ గ్లాసే గేటంతయింది.

ఇంటికొచ్చి ఒక కాగితం రాశాను. పూవు చేత్తో గుంజవద్దని, ఐదాకుల పైన కత్తెరతోనే కోయాలని, నలుపు కనిపిస్తే నన్ను పిలవాలని. గేటు మీదుగా సుశీలమ్మకు ఇచ్చాను. రెండు రోజులకు సారే ఆ కాగితం తిరిగి తెచ్చాడు. నా తప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది ఉన్నాయి.

"మంచిగనే నేర్చినవ్ ఎల్లమ్మా. ఒత్తులు జర చూసుకోవాలె," అన్నాడు.

ఆయన వెనక అరుగు మీద పూల పళ్లెం ఉంది. ప్రతి కాడ చివరా చీలిన బెరడు తోలులా వేలాడుతోంది. అక్షరాలు దిద్దాడు కానీ మాట చదవలేదు.

రెండో వారంలో రోడ్డు మీద నుంచే చూశాను. కొనల్లో బెత్తెడు నలుపు. మూడో వారానికి మూరెడు.

"అమ్మా, నలుపు దిగుతాంది. మూడు కొమ్మలు కొయ్యనియ్యి. తానం జేసి, ఉతికిన చీర కట్టుకొనొస్త."

"దీక్ష అయినంక రా ఎల్లమ్మా."

"చెట్టుకు దీక్ష ఎరుకనా? పోనీ, కత్తెర ఇస్త, మీరే కొయ్యుండ్రి."

లోపలి నుంచి సారు కేకేశాడు: "దీక్షల పచ్చని చెట్టు మీద కత్తి వెడ్తరా? ఏం లొల్లి అది పొద్దుగాల?"

ఇక్కడ నా తప్పూ చెప్పాలి. ఆ గేటు నడుమెత్తు కూడా లేదు. చెయ్యి లోపలికి పెడితే గొళ్లెం అందుతుంది. పది నిమిషాల పని. ఆ మాట పొక్కితే మిగతా ఇళ్లలోకి కూడా రానివ్వరేమోనని భయపడి వెనక్కి తిరిగాను.

దీక్ష ముగిసిన మరునాడు పిలిచారు. మొదలు దగ్గర గోరుతో గీకాను. లోపల పచ్చదనం లేదు. "పోయిందమ్మా," అన్నాను. సుశీలమ్మ మట్టిలోనే కూలబడింది. సారు మాత్రం, "నువ్వు కత్తిరించిన్నాడే ఏదో తప్పు చేసినవ్," అన్నాడు. కత్తెర సంచిలో వేసుకుని వచ్చేశాను. మళ్లీ ఆ ఇంటికి పోలేదు.

రెండేళ్ల తర్వాత సుశీలమ్మ ఆటోలో మా వాడకు వచ్చింది. రావడం అదే మొదలు. మర్నాడు తల్లి తిథి అట, నా దగ్గర గులాబీలు దొరుకుతాయని ఎవరో చెప్పారట. మా గోడ వెంట పూసిన చెట్ల వరస చూసి, వంగి ఒక పూవు వాసన పీల్చింది.

"ఎల్లమ్మా... గివి ఏడియే?"

"మీ అమ్మ చెట్టే. ఏటా కోసిన కట్టెలు గుచ్చిన."

నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. అంతకు ముందు ఆమె నన్ను ఎన్నడూ ముట్టుకోలేదు. నాకూ కళ్లు తడిశాయి, అబద్ధమెందుకు. ఐదాకుల పైన కోసి పూలు ఆమె ఒళ్లో పోశాను. వేరు పట్టిన రెండు మొక్కలు కూడా ఇచ్చాను. తల్లి చెట్టు బిడ్డకు చేరడం న్యాయం.

ఆటో ఎక్కే ముందు ఆమె సంచిలోంచి చిన్న సీసా తీసి పూల మీద, మొక్కల మీద చల్లింది. పసుపు నీళ్లు. నేను చూస్తున్నానని గమనించి, "అలవాటే ఎల్లమ్మా, ఏమనుకోకు," అంది.

ఇంటి దగ్గరే కలిపి, సీసాలో నింపి, మూత బిగించుకుని వచ్చింది.

నలుపు కనిపించిన రోజే పచ్చి కట్టె దాకా కోయాలి, కొన తుంచి ఊరుకుంటే ఆగదు. చెట్ల విషయంలో ఇది నాకు నలభై ఏళ్లుగా తెలుసు. మనుషుల విషయంలో తెలియడానికి ఆ సీసా చూడవలసి వచ్చింది.