మా అత్త పూసిన పసుపు

నిన్న పొద్దున, కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టడానికి మున్సిపాలిటీ తరఫున ఒకాయన తిరుచానూరు రోడ్డులోని మా వీధికి వచ్చి, మా గేటు ముందున్న వేపచెట్టును ఫోనుతో అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. అనుమతి ఫోనులోనే వచ్చేసిందట, ఇంటివాళ్ళను కూడా ఒక మాట అడగాలట. "అమ్మా, ఈ చెట్టుకు పూజలు గీజలు ఏమన్నా చేస్తారా?" అన్నాడు. మామూలు ప్రశ్నే, అవుననో కాదనో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ మాట చెవిన పడగానే ఈ ముసలి ముఖం సిగ్గుతో వేడెక్కిపోయింది. మంచినీళ్ళు తెస్తానుండు నాయనా అని లోపలికి వచ్చేశాను.

పెళ్ళైన కొత్తలో మేము చిత్తూరులో ఉండేవాళ్ళం. పడమటి వాకిలి ఇల్లు. ఇంటింటా ఫ్యాన్లు లేని ఆ రోజుల్లో, ఆ ఎండల్లో, అలాంటి ఇంటి ముందు వీధిలో ఒక వేపచెట్టు ఉండడమంటే ఎంత అదృష్టమో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం పూట మా అత్త మంచం వేసుకునేది ఆ నీడలోనే, పొరుగింటి పూలామె బుట్ట పెట్టుకుని కనకాంబరాలు కట్టేదీ ఆ నీడలోనే. వీధిన పోయేవాళ్ళందరినీ పలకరిస్తూ, చేతుల వంక చూడకుండానే మూరలకు మూరలు కట్టేసేది. నాకూ నేర్పవా అంటే, "నీకెందుకు పాపా ఆ తిప్పలు, కట్టినేవి పెట్టుకో" అని నా జడలో తురిమేది.

ఒకరోజు కరెంటు లైను లాగేవాళ్ళు వచ్చి, రేపు ఈ చెట్టును మొదలంటా కొట్టేస్తామని, పర్మిషన్ కాగితం కూడా చూపించి పోయారు. మా అత్త ఎవరికీ తల వంచే మనిషి కాదు. మర్నాడు తెల్లవారుతుండగానే నన్ను లేపి పసుపు కలపమంది. ఎందుకత్తా అంటే, చెప్పింది చెయ్యవే అంది. కలిపి ఇచ్చాను. మొదలు చుట్టూ మనిషెత్తున పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎర్రటి రవికగుడ్డ ఒకటి చుట్టేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీ తాగింది. లైనువాళ్ళు వచ్చారు, చూశారు, చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు, స్తంభం అవతలి పక్కకు మార్చుకుని పోయారు. ఆ రోజు మా ఇంట్లో ఒకటే నవ్వులు. సర్కారు కాగితం కంటే మా అమ్మ పసుపుముద్దే గట్టిదని మా ఆయన ఆఫీసుకు బయలుదేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

నవ్వు మాది, నమ్మకం వీధిది. శుక్రవారాలు ఆడవాళ్ళు దీపాలు పెట్టసాగారు, ఎవరో పొంగళ్ళు పెట్టారు, ఎవరో పిల్లల కోసం ముడుపు కట్టారు. పూలామె అయితే రోజూ తొలిమూర ఆ చెట్టుకు వేయనిదే బేరం మొదలుపెట్టేది కాదు. ఇదంతా కిటికీలోంచి చూస్తుంటే మొదట తమాషాగా ఉండేది, తర్వాత తర్వాత తల తిప్పుకునేదాన్ని.

అలా ఉండగా, సరిగ్గా పూలామె కూర్చునే చోటికి పైన ఉన్న పెద్దకొమ్మ ఎండిపోయింది. గాలి వీస్తే కిర్రుమనేది. మా ఆయన మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి, ఆ ఒక్క కొమ్మ వరకు కొట్టుకోవచ్చని అనుమతి తెచ్చి, చెట్లు కొట్టే ఆయన్ను పిలుచుకొచ్చాడు. ఆయన చెట్టును చూడగానే తలగుడ్డ తీసేశాడు. "కాయితం మున్సిపాలిటీది సామీ, అమ్మోరిది కాదు గదా. నేను ఎక్కలేను" అన్నాడు.

అప్పుడు మా అత్త వీధి మధ్యకు వచ్చింది. జనం మూగారు. "అమ్మోరూ లేదు, ఏమీ లేదప్పా. చెట్టు కొట్టేస్తారని ఆ పసుపు నేనే పూసినా. కలిపిచ్చింది ఇదో, నా కోడలు. అడుగు" అంది. వీధంతా నా వైపు తిరిగింది. నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించినా, అవునని తల ఊపాను. ఎవరూ కోప్పడలేదు. పూలామె వచ్చి మా అత్త చెయ్యి పట్టుకుని, "నువ్వేడ పూసినావు పెద్దమ్మా! ఆ తల్లే నీ సేత పూయిచ్చుకునింది" అంది. అవునవునన్నారు అందరూ.

చివరికి చెట్టు కొట్టే ఆయనే దారి చెప్పాడు. మొదలు మీది పసుపుకు అటొకటి ఇటొకటి తడిపిన పూలు అంటించి అడగాలి, కుడిపక్క పువ్వు రాలితే అమ్మవారు ఒప్పుకున్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. పూలామె తన బుట్టలోంచే పూలు తీసిచ్చింది. ఎవరికీ తల వంచని మా అత్త, తాను పూసిన పసుపు ముందు తానే చేతులు జోడించి నిలబడింది. ఎడమ పువ్వు రాలింది. లెంపలు వేసుకుని ఆయన వెళ్ళిపోయాడు. గాలికి రాలిందని మాకు తెలుసు, ఎవరితో చెప్పుకుంటాం?

మా అరుగు మీద కూర్చోమని మా అత్త పూలామెను ఎంత బతిమాలిందో. "అమ్మోరే కొట్టొద్దనింది గదా, ఇంగ కొమ్మ యాడ పడతాది?" అని నవ్వేసి, ఆమె మళ్ళీ అక్కడే కూర్చుంది. ఆ వేసవి తొలి గాలివానకు కొమ్మ విరిగి ఆమె మీదే పడింది. కుడిచెయ్యి విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ వేళ్ళు పూలు కట్టడానికి వంగలేదు. అంతకుముందే, ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున, చెయ్యి మెడకు వేలాడేసుకుని, కొనుక్కొచ్చిన పూలు చెట్టుకు వేసి, "పానం నిలబెట్టినావు తల్లీ" అని మొక్కుకుంది. గడపలో నిలబడి విన్న మా అత్త కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చేసింది. మళ్ళీ ఎప్పుడూ ఆ నీడలో మంచం వేసుకోలేదు.

నిన్న మంచినీళ్ళిచ్చి, "పూజలేమీ లేవు నాయనా, కొట్టుకోండి" అన్నాను. సరేనమ్మా అని ఆయన ఫోనులో ఏదో నొక్కుకున్నాడు. నా కాఫీ చల్లారేలోపే ఆయన మనుషులు వచ్చి మిషనుతో కొమ్మలు కోసి, ట్రాక్టరులో వేసుకుని పోయారు. ఆనాడు మా అత్త నడివీధిలో పరువు వదులుకుని చెప్పినా ఎవరూ నమ్మని మాటను, నేను గుమ్మంలో నిలబడి చెబితే ఆయన తల ఎత్తకుండానే నమ్మేశాడు. ఈ కాలమే మేలనుకోవాలి, అనుకున్నాను కూడా. కానీ ఇప్పుడు చెట్టు ముందు చెప్పులు విడిచేవాళ్ళూ లేరు, కొట్టేముందు దాన్ని ఒక మాట అడిగేవాళ్ళూ లేరు. సాయంత్రం పూలమ్మాయి గేటు దగ్గరకొచ్చి మూర కొలుస్తుంటే, ఆ పిల్ల వేళ్ళ వంక చూడలేక, పూలు గడప మీద పెట్టి పొమ్మని లోపలి నుంచే చెప్పాను.