మాట్లాడకుండా ఎత్తుకోవడం

నాలుగో ఏడు వచ్చినా సుందరం ఒక్క మాటైనా తిన్నగా అనడం లేదని తెలిసి, 1926 శ్రావణంలో వర్ధనమ్మగారు నక్కపల్లి నుంచి వసకొమ్ము పట్టుకుని నర్సీపట్నంలో కొడుకింటికి దిగారు. రోజూ పొద్దున్నే దాన్ని సానమీద అరగదీసి, మాటలు బాగా రావాలని మనవడి నాలుకకు రాసేవారు. వాడు కక్కేవాడు. కడగడం కోడలు బాలాంబ పని.

వాడికి మాటలు రాక కాదు. అమ్మ దగ్గర తెలుగు, ఆయా సోమలమ్మ దగ్గర కొండభాష, కచేరీలో గుమాస్తా అయిన తండ్రి భానుమూర్తి నేర్పే ఇంగ్లీషు ముక్కలు. మూడూ ఒకే వాక్యంలో పోసేవాడు. "క్యాట్ పాలు తాగీసింది" అని, చివర కొండభాషలో ఏదో తగిలించేవాడు.

"విజయదశమికి అక్షరాభ్యాసం. పదిమందిలో ఇలాగే వాగితే నా తల ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు భానుమూర్తి.

"అంతా ఆ కొండమనిషి వల్లే. దాన్ని పంపించెయ్యవే" అన్నారు వర్ధనమ్మగారు కోడలితో.

పంపేస్తే పిల్లాణ్ణి చూసేదెవరు? బాలాంబ సోమలమ్మను పిలిచి, "ఇకనుంచి వాడితో మాట్లాడకు. ఊరికే ఎత్తుకో" అంది.

"మాటాడకుండా ఎత్తుకోడానికి బాబు మూటేటమ్మగారూ?" అంది సోమలమ్మ. అయినా నోరు మూసుకుంది.

సుందరమూ మూసుకున్నాడు. ముందు కొండమాటలు పోయాయి, తర్వాత క్యాట్ పోయింది, చివరికి తెలుగూ పోయింది. ఆకలేస్తే గిన్నె చూపించేవాడు. వర్ధనమ్మగారు వస రెండుపూటలా మొదలుపెట్టారు. భానుమూర్తి సాయంత్రాలు "సే వాటర్, సే వాటర్" అని గొంతు పోయేలా అరిచి, ఆ నీళ్ళు తనే తాగేవాడు.

ఒక మధ్యాహ్నం వాడు పళ్ళు బిగించి అన్నం గిన్నె తోసేశాడు. బాలాంబ చెయ్యెత్తింది. గుమ్మంలో సోమలమ్మ చూస్తూ నిలబడింది.

"అలా చూస్తావేం? ఏం కావాలో నువ్వైనా అడుగు!"

"మాటాడొద్దన్నారు గదమ్మగారూ."

"ఇప్పుడు మాట్లాడమంటున్నాను!"

సోమలమ్మ చతికిలబడి కొండభాషలో ఏదో అడిగింది. అంతే, వాడు గుక్క తిప్పుకోకుండా అందుకున్నాడు. బాలాంబకు అక్కడక్కడా ఒక ముక్క అందింది, తక్కినదంతా జారిపోయింది. కన్నకొడుకు మాటకు దుబాసీ కావలసి వచ్చిందని ఒళ్ళు మండింది.

"ఏమంటున్నాడు?"

సోమలమ్మ వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ సేదు మందేదో మామ్మగారి నోటికే రాసీమంతన్నాడు."

సాయంత్రం వర్ధనమ్మగారు ఇల్లంతా వెతికారు. "వసకొమ్మేదే?"

"పొయ్యిలో వేశాను, అత్తయ్యగారూ."

"మరి విజయదశమికో?"

"ఏదో ఒకటి వాగుతాడు. వాగనివ్వండి."