హుషారు అనుకున్నాం, థైరాయిడ్ అన్నారు

ఆ రోజు కీబోర్డు పాడైందనుకున్నాను. ఐదు ఒకసారి కొడితే రెండు ఐదులు పడుతున్నాయి. సున్నా కొడితే సున్నాల వరసే. మా పనిలో అంకె తప్పితే అంతే సంగతులు, కాలు విరిగిన మనిషి పేరు మీద కంటి ఆపరేషన్ బిల్లు వెళ్లిపోతుంది. తిట్టుకుంటూ దాన్ని ఊడదీసి సంచిలో వేసుకుని, నర్సీపట్నం మెయిన్ రోడ్డు మీద మేం ఎప్పుడూ వెళ్లే కంప్యూటర్ షాపుకి వెళ్లాను.

షాపాయన తన కంప్యూటర్‌కి తగిలించి టకటకా కొట్టి చూశాడు. ఒక్క అక్షరం కూడా తప్పు పడలేదు.

"బానే ఉంది కదండీ. ఒకసారి మీరు కొట్టండి," అన్నాడు. కొట్టాను. మళ్లీ రెండేసి పడ్డాయి. ఆయన తెర వైపు కాకుండా నా వేళ్ల వైపు చూశాడు. "ఏటి మేడమ్, సెయ్యి అలా ఒణుకుతంది? టిఫిన్ తిన్లేదేటి?"

నాకు ఒళ్లు మండింది. నా టిఫిన్ సంగతి ఆయనకెందుకు? కొత్త కీబోర్డు కొనుక్కుని ఇంటికొచ్చేశాను. దాని మీదా అలాగే పడ్డాయి.

నేను ఇంట్లోంచి చేసేది మెడికల్ బిల్లింగ్. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక, ఏ జబ్బుకి ఏ వైద్యం చేశారో కోడ్‌లుగా రాసి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపితేనే ఆయనకు డబ్బు వస్తుంది. అలా పంపేదాన్ని క్లెయిము అంటారు, ఆ పంపే పని మాది. వైజాగ్‌లో ఒక కంపెనీలో ఏళ్ల తరబడి ఇదే చేశాను. లెక్కల మాస్టారైన మా ఆయనకు నర్సీపట్నం బదిలీ అయినప్పుడు, ఇంటి నుంచి చేస్తానంటే కంపెనీ కుదరదంది. సరే మీ ఉద్యోగం మీ దగ్గరే ఉంచుకోండని వచ్చేసి, ముందు గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు పెట్టి సొంతంగా మొదలుపెట్టాను. కోటవురట్ల నుంచి కుమారి అనే అమ్మాయి రోజూ బస్సులో వచ్చి నాతో పాటు పని చేసేది. పాత స్నేహితురాలి ద్వారా అమెరికాలో ఒక క్లినిక్ దొరికింది. వాళ్ల షరతు ఒక్కటే. ఆరు నెలలు చూస్తాం, తప్పుల్లేకుండా ఏ రోజు పని ఆ రోజు ఇస్తే మా మిగతా క్లినిక్‌లన్నీ మీకే ఇస్తాం, లేదంటే లేదు.

ఆ ఆరు నెలలే నా పంచప్రాణాలు. "ఈ ఊళ్లో కూర్చుని అమెరికా పనేమిటి" అని నవ్విన చుట్టాలందరికీ అది నా జవాబు.

అందుకే ఒంట్లో ఏం జరిగినా దానికి కారణం నా దగ్గర సిద్ధంగా ఉండేది. నిద్ర పట్టడం లేదా, పని ఆలోచన. జుట్టు ఊడుతోందా, ఊళ్లో నీళ్లు. రోజుకి నాలుగైదుసార్లు విరేచనాలవుతున్నాయా, బయటి బజ్జీలు. నెలసరి సరిగా రావడం లేదా, వయసు. లంబసింగి చలి మా వీధిదాకా దిగి ఊరంతా స్వెట్టర్లు వేసుకుంటుంటే, నేను ఫ్యాను వేసుకుని చెమటలు తుడుచుకునేదాన్ని. అది కంప్యూటర్ల వేడి అన్నాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికో వెళ్లాలనిపించేది. కాలుగాలిన పిల్లిలా వంటింటికీ ముందు గదికీ తిరుగుతూ, ఒక క్లెయిము సగంలో ఉండగానే ఇంకోటి తెరిచేదాన్ని. నాలుగు ముద్దలు ఎక్కువే తింటున్నా బరువు తగ్గిపోయాను. చూసినవాళ్లు "ఎంత హుషారు! ఎంత సన్నబడ్డావు! వ్యాపారం కలిసొచ్చింది" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు చాలా సంతోషంగా ఉండేది.

మా అత్తగారు ఒక్కరే ఒప్పుకోలేదు. "ఒలమ్మా, ఆ కళ్లు సూడు, గుడ్లు బైటికొచ్చీసినట్టున్నాయి. ఊరి కళ్లన్నీ నీ మీదే పడ్డాయే పద్మా," అని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశారు. "సూసినావా, ఇన్ని కాయలు మాడినా ఘాటు రానేదు. ఎంత దిష్టో!" దిష్టి తగిలిందంటే నేను పైకొచ్చినట్టే కదా అని లోలోపల గర్వపడ్డాను. పడిన కళ్లు ఊరివాళ్లవి అనుకున్నామే తప్ప, మారిన కళ్లు నావని ఇద్దరికీ తోచలేదు.

గుండె దడ మాత్రం పట్టించుకోక తప్పలేదు. ఊళ్లో ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాను. ఇక్కడే నా వృత్తి నా కొంప ముంచింది. మా పనిలో రోగి దేనికొచ్చాడో ఆ ఒక్కటి ముందు పెట్టి, సంబంధం లేనివి వదిలేస్తే క్లెయిము సాఫీగా వెళ్తుంది. నేనూ డాక్టరు ముందు అలాగే కూర్చున్నాను. "గుండె దడగా ఉంటోందండీ. పని ఒత్తిడి ఎక్కువ." సమస్యా చెప్పాను, కారణమూ నేనే చెప్పేశాను. ఆయన ఈసీజీ తీయించి, "కొంచెం ఫాస్ట్‌గా ఉందమ్మా, మిగతా అంతా నార్మల్. యాంగ్జైటీ. తగ్గకపోతే రండి, బ్లడ్ టెస్ట్‌లు చేద్దాం," అని మాత్రలు రాశారు. తగ్గలేదు. నేనూ మళ్లీ వెళ్లలేదు. వెళ్తే ఒక పూట పని పోతుంది.

ఒక శనివారం మా అత్తగారి మొక్కు ఉందని ఉపమాక వెంకన్న దర్శనానికి వెళ్లాం. కొండ మెట్లు సగమైనా ఎక్కకుండానే నా తొడల్లో సత్తువ పోయింది. కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. అరవై దాటిన మా అత్తగారు పైనుంచి వెనక్కి తిరిగి "ఏటైనాదే?" అని అరుస్తున్నారు. మా ఆయన నా మణికట్టు పట్టుకుని వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. లెక్క తప్పని మనిషి, "నా వాచీ సరిగా లేదేమో" అన్నారు. ఆయన మొహం చూశాక నాకు మొదటిసారి భయం వేసింది.

సోమవారం వైజాగ్ ఆసుపత్రికి వెళ్తే, నా కళ్లు చూడగానే హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆమె నన్ను చేతులు చాపమని, వేళ్ల మీద ఒక కాగితం పెట్టారు. కాగితం గాలిలో ఉన్నట్టు అదిరింది. తర్వాత ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టారు. వేడి తట్టుకోలేకపోతున్నారా? మోషన్స్ ఎక్కువ అవుతున్నాయా? పీరియడ్స్? జుట్టు? కోపం? అన్నిటికీ అవుననే చెప్పాను. కోపం దగ్గర మా ఆయన నాకంటే ముందే తలూపారు.

"ఇవన్నీ ముందు చూసిన డాక్టర్‌కి చెప్పారా?"

"ఆయన అడగలేదండీ."

"మీరు చెప్పలేదు," అన్నారామె, ఏమాత్రం కఠినంగా కాదు. నాకు మాత్రం గట్టిగానే తగిలింది.

రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోన్లు టీ త్రీ, టీ ఫోర్ బాగా ఎక్కువ, టీఎస్‌హెచ్ దాదాపు లేనట్టే. స్కాన్ కూడా చేసి "గ్రేవ్స్ డిసీజ్. మీ థైరాయిడ్ అవసరానికి మించి పని చేస్తోంది. ఇలా వదిలేస్తే గుండె దెబ్బతింటుంది," అన్నారు. థైరాయిడ్ జోరు తగ్గించడానికి కార్బిమజోల్, దడకీ వణుకుకీ ప్రొప్రనొలాల్ రాశారు. వెళ్లబోతుంటే ఆపి, "ఒకటి గుర్తుపెట్టుకోండి. జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వస్తే కార్బిమజోల్ ఆపేసి అదే రోజు సీబీసీ, అంటే రక్తకణాల పరీక్ష, చేయించండి. జలుబే కదా అనుకోవద్దు," అన్నారు.

కొన్ని వారాలకి చేతుల వణుకు తగ్గింది, దడ తగ్గింది, నిద్ర పట్టింది. దాంతో పాటు నా వేగమూ తగ్గింది. సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. ఆ హుషారు నాదనుకున్నాను, నా పట్టుదల అనుకున్నాను. అదంతా మెడలో ఉన్న ఒక గ్రంథి చేసిన హడావుడంటే ఇక నాకేం మిగిలింది? పని రోజు దాటి మర్నాటికి వెళ్లడం మొదలైంది. ఆరు నెలల గడువు నెత్తి మీద ఉంది.

కుమారి మాత్రం, "అక్కా, ఇప్పుడు మీరు సెప్పింది నాకు అర్తమవతంది. మునుపు ఒక మాట అవ్వకుండానే ఇంకోటి సెప్పీసీవోరు. తప్పులు కూడా ఇప్పుడే తక్కువొస్తన్నాయి," అంది. ఓదార్పు మాటలనుకుని కొట్టిపారేశాను.

నెలాఖరు పని ముంచుకొచ్చిన రోజుల్లో గొంతు నొప్పి వచ్చింది. ఫ్రిజ్ నీళ్లు తాగానని ఉప్పునీళ్లు పుక్కిలించి కూర్చున్నాను. మర్నాడు మింగుడు పడలేదు, ఒళ్లు కాలిపోతోంది. బడి నుంచి వచ్చిన మా ఆయన నుదురు ముట్టుకుని, "డాక్టరమ్మ ఏం చెప్పింది, నువ్వేం చేస్తున్నావు?" అని కేకలేశారు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన గొంతు పెంచడం అదే మొదలు. మాత్ర ఆపించి ల్యాబ్‌కి తీసుకెళ్లి రక్తం ఇప్పించారు. ఇంటికి చేరామో లేదో ల్యాబ్ నుంచి ఫోను. "సార్, తెల్ల కణాలు బాగా తక్కువున్నాయండి. రిపోర్టు కోసం ఆగకండి, బేగి డాక్టరు గారితో మాట్లాడీయండి."

వెంటనే కారు మాట్లాడుకుని వైజాగ్ వెళ్లాం. అడ్మిట్ చేసి విడిగా గది ఇచ్చారు. యాంటీబయాటిక్స్, కణాలు పెరగడానికి ఇంజెక్షన్లు, వచ్చేవాళ్లందరికీ మాస్కులు. తెల్ల కణాలు లేకపోతే చిన్న ఇన్ఫెక్షన్‌కే ప్రాణం పోతుందట. "కార్బిమజోల్ మీకు పడలేదు. ఇక జన్మలో వేసుకోకూడదు," అన్నారు డాక్టరు. అసలే జబ్బు, మందు కూడా ఎదురుతిరిగింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. ఆ మంచం మీద పడుకుని కూడా నేను క్లెయిముల గురించే గింజుకుంటున్నాను.

"వాళ్లకి మెయిల్ పెట్టు, విషయం చెప్పు," అన్నారు మా ఆయన. అప్పటిదాకా క్లయింట్‌కి నా జబ్బు సంగతి పొక్కనివ్వలేదు.

"జబ్బు మనిషికి పనెవరిస్తారండీ?"

"వాళ్ల వ్యాపారమే జబ్బు మనుషులతో కదే!"

జ్వరంలోనూ నవ్వొచ్చింది. ఆయన చేతే టైప్ చేయించాను. రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. ఆరోగ్యం చూసుకోండి, గడువు పొడిగిస్తున్నాం, మీ దగ్గర పనిచేసే అమ్మాయిని చేయగలిగినంత చేయనివ్వండి అని. దాచిపెట్టి నేను పడ్డ ఆరాటమంతా తలుచుకుంటే నా మీద నాకే విసుగొచ్చింది.

కణాలు కోలుకున్నాక, మందు బదులు ఆ గ్రంథినే అణిచేయడానికి రేడియో అయోడిన్ ఇచ్చారు. చిన్న క్యాప్సూల్, మింగడమే. తర్వాత కొన్ని రోజులు ఒంట్లోంచి రేడియేషన్ వస్తుందట, ఇంట్లో ఎవరికీ దగ్గరగా ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలకి. విడి గది, విడి కంచం, విడి బాత్రూమ్. అత్తగారికి ఎలా చెప్పాలా అని మేం తంటాలు పడుతుంటే ఆవిడ, "ఓస్, ఇంతేనా? మా కాలంలో నెలనెలా ఇదే కదేటి," అని కంచం నేల మీద పెట్టి వెనక్కి జరిగారు. ఒకటో తరగతి చదివే మా మేఘన గుమ్మం అవతల నుంచి, "అమ్మా, లైటు తీసేస్తే నువ్వు వెలుగుతావా?" అని అడిగేది. దాన్ని ముట్టుకోకుండా ఉండడమే నాకు ఈ జబ్బులో అన్నిటికంటే కష్టమైంది. కూర్చోలేక గదిలోనే తిరిగేదాన్ని.

కొన్ని నెలలకి థైరాయిడ్ పని పూర్తిగా పడిపోయింది. ఇలా అవుతుందని డాక్టరు ముందే చెప్పారు. ఇప్పుడు ఆ లోటు తీర్చడానికి రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర, జీవితాంతం. అది వేసుకున్నాక కాసేపు కాఫీ కూడా తాగకూడదు, నాకు అదొక్కటే బాధ.

పొడిగించిన గడువూ ముగిసింది. తప్పులు తగ్గాయి, అన్ని క్లినిక్‌లూ తీసుకోండి, కానీ ఏ రోజు పని ఆ రోజే కావాలి అని క్లయింట్ రాశారు. నేను ఇన్నాళ్లూ ఎదురుచూసిన మెయిల్ అది. ఒప్పుకుంటే మళ్లీ ఆ పరుగే. కుమారినీ పరిగెత్తించాలి. చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి కూర్చుని, మాకు రెండు రోజుల వ్యవధి కావాలి, దానికి ఒప్పుకుంటేనే చేయగలం అని రాసి పంపేశాను. పంపగానే గుండె దడదడలాడింది. అలవాటుగా మణికట్టు పట్టుకుని చూసుకున్నాను. కాసేపటికి అదే తగ్గిపోయింది. అది జబ్బు కాదు, ఉత్త భయం. రెండింటికీ తేడా తెలియడం నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

ఒకే ఒక్క క్లినిక్ అదనంగా ఇచ్చారు. మిగతావి వేరేవాళ్లకి వెళ్లాయి. రెండు రోజులు మనసు పీకింది, అది దాచను. ఇప్పుడు ఆ రెండు క్లినిక్‌ల పనీ కుమారీ నేనూ చేసుకుంటున్నాం. ఊరుకోని స్వభావం ఇంకా ఉంది. అది గ్రంథిది కాదు, నాదేనని మా ఆయన సర్టిఫికెట్ ఇచ్చారు.

చదివేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు మీకు ముఖ్యమనిపించిందే ఏరి చెప్పకండి. అన్నీ చెప్పండి. చెప్పడానికి సిగ్గేసేది ఏదో అది ముందు చెప్పండి. నేను బజ్జీల మీదకి నెట్టేసిన విరేచనాలు, వయసు మీదకి నెట్టేసిన నెలసరి ఆ మొదటి రోజే నోరు విప్పి చెప్పి ఉంటే, కొండ మెట్ల మీద కూలబడే దాకా వచ్చేది కాదు. దేనికి దేనితో సంబంధమో తేల్చడం వాళ్ల పని. ఆ పని మనం చేస్తే జీతం ఎవరూ ఇవ్వరు, ప్రాణాలు మాత్రం మనవే పోతాయి.