తెల్లబడిన ఉంగరం

ఆ ఉదయం మా అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి. లింగానికి అభిషేకం నన్ను చేయమన్నారు. పాలు పోసి, వేళ్లతో రుద్ది కడిగి, చెయ్యి తుడుచుకుంటుంటే నా పెళ్లి ఉంగరం కింది సగం వెండిలా కనిపించింది. గుడ్డతో రుద్దాను. పోలేదు. అప్పుడు పట్టుకుంది భయం.

బీయస్సీ ల్యాబ్‌లో థర్మామీటరు పగిలినప్పుడు, పూసల్లా పరిగెత్తే పాదరసాన్ని వేలితో తోసిన అమ్మాయి ఉంగరం కూడా ఇలాగే తెల్లబడింది.

అత్తగారు రాజమండ్రి నుంచి ఈ ఎడారి దేశానికి, దార్సైట్‌లోని మా ఫ్లాట్‌కి వస్తూ ఈ లింగాన్ని చీరల మధ్య పెట్టుకుని తెచ్చారు. కారణం మా చిన్నవాడు. నాలుగేళ్లు నిండినా వాడికి మాట రాలేదు. నలభై రోజులు ఈ అభిషేకం పాలు తాగిస్తే వస్తుందని ఎవరో చెప్పారట. రోజూ వాడికి రెండు ఉద్ధరిణెలు, పెద్దదానికి ఒకటి.

"శుద్ధ పాదరసం" అని ఆవిడ మొదటి రోజే చెప్పారు. నేను లోపల నవ్వుకున్నాను. శుద్ధమైన పాదరసం ఏసీ గదిలోనైనా నీళ్లలా జారుతుంది కానీ గట్టిగా నిలబడదు. ఉత్త తగరం ముద్ద అంటగట్టారు పాపం, అనుకుని ఊరుకున్నాను. తగరంతో కలిపితే పాదరసం గట్టిపడుతుందనీ చదువుకున్నాను. అది గుర్తు రాలేదు. గుర్తు రావాలని నేనూ అనుకోలేదేమో. వాడికి మాట రావాలని నాకూ ఉంది.

ఉంగరం చూపించాను. ఆవిడ ముఖం విప్పారింది.

"చూశావా, బంగారాన్ని తింటేనే అసలైనదని కొట్టువాడు చెప్పనే చెప్పాడు. నువ్వే నమ్మలేదు."

"ఇది విషం అత్తయ్యా. మెదడుని పాడుచేస్తుంది."

"ఈ ఇరవై ఆరు రోజులూ పక్కనే నిలబడి చూశావుగా. అప్పుడేమైంది నీ కాలేజీ చదువు?"

ఆవిడ తెచ్చిన ఆవకాయ సీసాని సింకులో ఖాళీ చేసి కడిగి, లింగాన్ని అందులో పెట్టి మూత బిగించాను. ఆవిడ చూస్తూనే ఉన్నారు.

సాయంత్రం ఘుబ్రాలోని ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దరికీ రక్తం తీయించింది. అత్తగారు వాడి పాదం నిమురుతూ పక్కనే కూర్చున్నారు. "ఎవరు తాగించారు?" అని డాక్టరమ్మ హిందీలో అడిగితే, వేలు పెట్టి అత్తగారినే చూపించాను. రిపోర్టు వచ్చేదాకా ఏమీ చెప్పలేనంది. వారం తరవాత ఆ రిపోర్టు మామూలుగానే వచ్చింది. కానీ ఆ సాయంత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు.

కారులో అత్తగారు అడిగారు. "ఏమంటుందే ఆవిడ? నాకు ఆ భాష రాదుగా."

"మీ పాల వల్ల వాడికి ఇక మాట రాకపోవచ్చంది" అన్నాను.

డాక్టరమ్మ ఆ మాట అనలేదు. స్టీరింగ్ దగ్గర మా ఆయన నావైపు ఒకసారి చూసి, రోడ్డుకేసి తిరిగిపోయారు. ఆసుపత్రిలో పక్కనే ఉన్నారు కనక అబద్ధమని ఆయనకి తెలుసు. ఆ రాత్రి అత్తగారు అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఫ్రిజ్‌లోని మామూలు పాలే రెండు గ్లాసుల్లో పోసి పట్టుకొచ్చారు. చిన్నవాడు అలవాటుగా కుడి అరచెయ్యి దోసిలిలా మడిచి ఆవిడ ముందు నిలబడ్డాడు. నేను వెళ్లి ఆ చెయ్యి వెనక్కి లాగాను. పెద్దదాన్నీ దగ్గరికి పిలిచి, ఆవిడకి వినబడేలా చెప్పాను.

"నాన్నమ్మ ఇచ్చేది ఇకమీదట ఏదీ నోట్లో పెట్టకండి. మంచినీళ్లైనా సరే."