ఉమాశ్రీ ల్యాబులో పదహారు కంప్యూటర్లు

ఉమాశ్రీ పన్నెండేళ్లు చందానగర్ బజారులో డీటీపీ పని చేసింది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు. జనం శుభలేఖలు ఫోన్లోనే పంపుకోవడం మొదలుపెట్టాక షాపు మూతపడింది. నలభై ఏళ్ల వయసులో విండోస్‌కు బదులు వాడే లినక్స్ సొంతంగా నేర్చుకుని, మదీనాగూడలోని ఒక కోచింగ్ సెంటర్లో ల్యాబ్ ఇన్‌ఛార్జిగా చేరింది. డిగ్రీ లేదు. అక్కడ ఎవరూ ఆ మాట ఎత్తకపోయినా ఆమె మాత్రం మరచిపోలేదు.

ఆ సోమవారం పొద్దున కొత్త బ్యాచ్ మొదలైంది. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే వర్చువల్ మెషీన్‌లో విద్యార్థులు పెన్‌డ్రైవ్ తెరవాలి. పదహారింటిలో ఒక్కదాంట్లోనూ అది కనబడలేదు. కాసేపు వెతికితే కారణం దొరికింది. లినక్స్‌లో ఒక్కో పనికి ఒక్కో గ్రూపు ఉంటుంది. అందులో పేరు లేనివాళ్లను ఆ పని చేయనివ్వదు. ల్యాబులో అందరూ లాగిన్ అయ్యే యూజర్ పేరు వర్చువల్ మెషీన్ గ్రూపులో లేదు.

నెట్‌లో ఒక పేజీ చూసి, మొదటి సిస్టమ్‌లో పేరు చేర్చే కమాండ్ కొట్టింది. మార్పు లేదు. స్పెల్లింగ్ చూసుకుని మళ్లీ కొట్టింది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించింది. నలభై నిమిషాలు గడిచాయి. విద్యార్థులు ఫోన్లు బయటికి తీశారు. ఓనర్ విశ్వేశ్వరరావు రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్లాడు. ఈ సిస్టమే పాడైందేమో అనుకుని మిగతా పదిహేనింట్లోనూ అదే కమాండ్ కొట్టింది. అక్కడా అంతే. చివరికి విసిగిపోయి అన్నిటినీ రీస్టార్ట్ చేసింది.

పెన్‌డ్రైవ్‌లు కనబడ్డాయి. మళ్లీ లాగిన్ అయితే తప్ప గ్రూపు మార్పు పనిచేయదన్న ముక్క ఆ పేజీలో ఎక్కడా లేదు.

ఊపిరి పీల్చుకుని పాఠానికి కావలసిన ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే, ఈ యూజర్‌కు అధికారం లేదని వచ్చింది. పక్క సిస్టమ్‌లోనూ అదే. పదహారింటిలోనూ అదే. ఒకప్పుడు తన పక్క షాపులో పనిచేసి, ఇప్పుడు హైటెక్ సిటీలో సిస్టమ్ అడ్మిన్‌గా ఉన్న ఓంకార్‌కు ఫోన్ చేసింది. కొట్టిన కమాండ్ చదివి వినిపించమన్నాడు.

"అక్కా, దాంట్ల చిన్న 'ఎ' పెట్టలే నువ్వు," అన్నాడు. "అది లేకుంటే కొత్త గ్రూపుల కలుపుడు కాదు, పాత గ్రూపులన్నిట్లకెళ్లి పేరు తీసేస్తది. అన్ని అధికారాలుండే అడ్మిన్ గ్రూపులకెళ్లి కూడా పోయినట్టే ఇగ."

పేరు మళ్లీ చేర్చాలంటే అధికారం కావాలి. ఆ అధికారమే పోయింది. ఒక్కో సిస్టమ్‌ను, పూర్తి అధికారంతో తెరుచుకునే రికవరీ మోడ్‌లో తెరిచి పేరు చేర్చాలని ఓంకార్ దారి చెప్పాడు. ఉమాశ్రీ అన్నం తినలేదు. పదహారోది లేచేసరికి మూడున్నర. విద్యార్థులు ఎప్పుడో వెళ్లిపోయారు.

"ఒక్క అక్షరానికి క్లాసంతా పోయిందాండి, ఉమాశ్రీ గారూ?" అన్నాడు విశ్వేశ్వరరావు.

"తప్పు నాదే సార్. కానీ బ్యాచ్ వచ్చే ముందు ల్యాబ్ చూసుకుంటా, ఒక్క రోజు ఖాళీ ఇయ్యుండ్రి అని మూడుసార్లు అడిగిన. ఇయ్యలే మీరు."

ఆయన తన గదిలోకి వెళ్లిపోయాడు. తర్వాతి బ్యాచ్‌కు ముందు ఒక రోజు ఇచ్చాడు. అది ఆదివారం, ఆమెకు వారంలో ఉన్న ఒక్క సెలవు.