పెరిగే పిల్లకు లైఫ్ జాకెట్

2023 ఎండాకాలం. అబిడ్స్‌ల పెద్ద పోస్టాఫీసు దగ్గరి గల్లీల మాదొక దుకాణం. క్యారమ్ బోర్డులు, క్రికెట్ బ్యాట్లు, ఈత కళ్లద్దాలు, లైఫ్ జాకెట్లు అమ్ముతం. లైఫ్ జాకెట్‌ది ఒక్కటే పద్ధతి: వయసు చూసి కాదు, బరువు చూసి కొనాలె. గందుకే దుకాణంల బరువు మిషన్ పెట్టిన. దానిమీద ఎక్కమంటే సగం మంది నా మీదనే గరమైతరు.

ఆ రోజు ఒక పెద్దామె, కొడుకు, ఆరేండ్ల మనవరాలు వచ్చిన్రు. ఖైరతాబాద్‌ల ఉంటరట, మాట మాత్రం కోస్తా మాట. సెలవులకు చుట్టాలింటికి పోయి గోదావరిల పడవ షికారు చేస్తరట. పడవల మీద పిల్లల సైజు జాకెట్లు దొరకవని ఎవరో చెప్పిన్రట. మంచి ముచ్చట, ఇంత ముందుచూపు ఎవరికుంటది అనుకున్న.

పిల్ల పేరు చిన్ని. బరువు చూసి, సరిపోయే నారింజ రంగు జాకెట్ తీసిన. పెద్దామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవయ్యా, పెరిగే పిల్లకి ఇంత బిగుతుదా? రెండు సైజులు పెద్దది తియ్యి. నాలుగేళ్లు వాడుకుంటుంది."

"అమ్మా, ఇది స్కూల్ డ్రెస్సు కాదు. వదులుంటే పని చెయ్యది."

"వదులైతే నాంపల్లిలో మా టైలర్ ఉన్నాడు. చెరో పక్కా ఓ కుట్టు వేయిస్తాను. పెరిగాక విప్పుకుంటాం."

దుకాణం పెట్టినప్పటి సంది ఎన్నో బేరాలు విన్న గానీ, లైఫ్ జాకెట్‌కు కుట్లేపిస్తననే మనిషిని చూడలే. లోపల ఫోమ్ ఉంటది, తేలేది దాంతోనే, దానికి సూది పొడవద్దని చెప్పిన. అట్లయితే లోపల తువ్వాలు కుక్కుతనన్నది. స్కూల్ బూట్లల్ల దూది కుక్కినట్టు.

కొడుకు ఫోన్‌లకెల్లి తల ఎత్తకుండనే, "అమ్మ అడిగిందే ఇచ్చెయ్యండి సార్, వాదించి లాభం లేదు" అన్నడు.

నాకు చిర్రెత్తింది. పెద్ద జాకెట్ తీసి పిల్లకు తొడిగిన, బకిళ్లన్నీ పెట్టిన. "చేతులు మీదికెత్తు బిడ్డా" అని, జాకెట్‌ను భుజాల కాడ పట్టుకొని మీదికి గుంజిన. సైజు చూసే పద్ధతి గదే. జాకెట్ మొత్తం నా చేతులల్లకు వచ్చేసింది. పిల్ల గౌను, రెండు జడలతోటి నేల మీదనే నిలబడి ఉన్నది.

"నానమ్మా, నేను కిందే ఉన్నా" అని పకపక నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. పెద్దామె మాత్రం నవ్వలే.

"అమ్మా, గీడ నేల ఉన్నది కాబట్టి నిలబడ్డది" అన్న. "గాడ నీళ్లుంటయి. జాకెట్ తేలుతది. పిల్ల తేలది."

ఆమె స్టూల్ మీద కూసున్నది. తర్వాత, "చిన్నదే తొడుగు. ఏదీ, నన్ను లేపనీ" అన్నది. ఆమెనే భుజాలు పట్టి గుంజింది. ఈసారి జాకెట్‌తో పాటు పిల్ల కూడా లేచింది, గాల్ల కాళ్లాడిస్తూ. మళ్లీ లేపమని ఒకటే గోల.

ఇగ ఆమె కొడుకు దిక్కు తిరిగింది. "నీ సైజేదిరా?"

"నాకెందుకమ్మా, నాకు ఈతొచ్చు."

"బకెట్ స్నానం తప్ప ఎరగనివాడివి, నీకు ఈతేమిటి? ఎక్కు, బరువు చూసుకో."

పాపం, ఎక్కిండు. బొజ్జ మీద బకిల్ పట్టక మూడు సైజులు మార్చినం.

మళ్లా ఎండాకాలానికి ముగ్గురూ వచ్చిన్రు. పెద్దామె నారింజ జాకెట్‌ను కౌంటర్ మీద వేసింది. "ఏడాదైనా రాలేదు, బకిల్ పట్టడం లేదు. నేను ఆ రోజే చెప్పానా లేదా?"

దుకాణంల గిరాకీలందరూ నా దిక్కే చూసిన్రు. ఏదో జవాబు చెప్పబోతుంటే చిన్ని అందుకున్నది. "అంకుల్, పడవ ఎక్కుతూ నీళ్లల్లో పడిపోయాను. ములిగి, మళ్లీ టక్కున పైకొచ్చేశా. పడవాయన భుజాల దగ్గర పట్టుకుని లాగేశాడు."

కొడుకు చేతుల ఫోన్ లేదు, పిల్ల చెయ్యి పట్టుకొని ఉన్నడు. పెద్దామె కొంగుతోటి ముక్కు తుడుచుకొని, "అదేం చూస్తావులే, మిషన్ మీదికి ఎక్కించు. బరువెంత పెరిగిందో చూసి, దానికి సరిగ్గా పట్టేదే ఇవ్వు" అన్నది.

"ఔనమ్మా, మీరే గెలిచిన్రు" అన్న.

అప్పటి సంది ఎవరన్న వచ్చి, నువ్విచ్చిన జాకెట్ ఏడాదికే చిన్నగైందని కొట్లాడితే నేను మారు మాట్లాడ. పిల్లను ముందల నిలబెట్టి, ఎంత ఎత్తు పెరిగిందో చూసుకుంట.